కనెక్షన్లకు హద్దు, మెమరీకి లెక్క

టొరెంట్ సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టుకున్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే ఒక పని చేస్తారు. సెట్టింగ్స్‌లోకి వెళ్తారు. కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య 500 అని కనిపిస్తుంది. దాన్ని 2,000 చేస్తారు. ఎక్కువమందితో కలిస్తే ఫైలు ఎక్కువ వేగంగా వస్తుందని వాళ్ల లెక్క. ఓ గంట బాగానే నడుస్తుంది. ఆ తర్వాత హాల్లో టీవీ ఆగిపోతుంది. పక్కగదిలో ఆన్‌లైన్ క్లాసు వింటున్న పిల్ల "నెట్ పోయింది" అని అరుస్తుంది. ఫోన్‌లో యూపీఐ పేమెంటు అవదు, ఫెయిలైందని చెప్పదు, అలా తిరుగుతూ ఉండిపోతుంది. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "బాక్స్ ఒకసారి ఆపి వేయండి మేడమ్" అంటాడు. ఆపి వేస్తే బాగవుతుంది. గంట గడిచాక మళ్లీ మొదటికే వస్తుంది.

ఇలాంటప్పుడు చాలాసార్లు లోపం లైనులో ఉండదు, ఆపరేటర్‌ దగ్గరా ఉండదు. మన కంప్యూటర్ ఒకేసారి ఎంతమందితో మాట్లాడాలో, అందుకు ఎంత మెమరీ వాడుకోవాలో మనం తేల్చి చెప్పలేదు, అంతే. హద్దు పెడితే మనం పంచేది తగ్గిపోతుందని చాలామంది భయపడతారు. నిజానికి పెరుగుతుంది. అదెలాగో ఈ అధ్యాయంలో అంకెలతో చూపిస్తాను.

ముందుగా ఒక విషయం తేల్చుకుందాం. విజయవాడలో టొరెంట్ అనే మాటకు మంచి పేరు లేదు. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులున్న ఊరు ఇది. దొంగ కాపీ బయటికొస్తే ఎవరి పొట్ట కొట్టినట్లవుతుందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అనుమతి లేని సినిమాను పంచడం చట్టరీత్యా నేరం, అందుకు ఈ పుస్తకం పనికిరాదు. అయితే 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ పద్ధతిలో తప్పేమీ లేదు. పెద్ద సర్వర్ల అద్దె కట్టలేనివాళ్లు పెద్ద ఫైళ్లను లోకానికి అందించడానికి అంతకన్నా చవకైన దారి దొరకడం కష్టం. డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్‌లు అలా అందుతున్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే జరిగాయి. నెట్ లేని బడిలో కూడా చదువుకునేలా వికీపీడియాను ఒకే ఫైలుగా కట్టి ఇచ్చే కివిక్స్ సంస్థ, ఆ ఫైళ్లకు టొరెంట్ కూడా ఇస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి తన దగ్గరున్నవాటిని టొరెంట్లుగా ఇస్తోంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు అందులో బోలెడున్నాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడిగితే "ఎప్పుడో అయిపోయిందండీ, మళ్లీ వేయలేదు" అనిపించుకునే పుస్తకాలు కొన్ని అక్కడ దొరుకుతాయి. మన శ్రమంతా వాటికోసం.

విజయవాడ చుట్టుపక్కల ఊళ్లకు ఇంటింటా ఫైబర్ రావడం కూడా మరీ పాత సంగతి కాదు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేత ఇళ్లకు కనెక్షన్లు ఇప్పించింది. నెలకు 149 రూపాయలతో మొదలైన ప్యాకేజీలో ఫోనూ టీవీ నెట్టూ మూడూ ఉన్నాయి. ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. ఇప్పుడు పామర్రులోనో రేపల్లెలోనో ఇంట్లో కూర్చుని ప్రపంచానికి ఒక పుస్తకం పంచగలిగే స్థితి ఉంది. లైను అందింది, ఇక నడపడం నేర్చుకోవాలి.

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు, హద్దు ఎందుకన్న సంగతి కాలువ దగ్గర చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఇప్పుడు దాదాపు 13 లక్షల ఎకరాలకు చేరిన ఈ ఆయకట్టు నడవాలంటే నదిలో నీళ్లుంటే చాలదు, ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంతసేపు ఎత్తాలో ఒక క్రమం కావాలి. కాలువలకు నీళ్లు వదిలిన తొలి రోజుల్లో నారుమళ్ల తొందరలో ఎగువన తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే కాలువలో మట్టం పడిపోతుంది. మట్టం పడితే ఎగువ రైతు బోదెలోకే నీరు సరిగా ఎక్కదు. ఇక బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు శివారు భూముల సంగతి చెప్పేదేముంది. అందుకే వంతులు పెడతారు, లస్కర్లు కాపలా తిరుగుతారు. వంతు వచ్చిన బోదెలో నీరు నిండుగా పారుతుంది, పొలం తడిసి, తూము దించి, పక్కవాడికి వదులుతారు. మీ ఇంటి అప్‌లోడ్ వేగాన్ని కాలువ మట్టం అనుకోండి. ఎత్తిన తూములు కనెక్షన్లు. నీరు పారుతున్న తూములు అప్‌లోడ్ స్లాట్లు.

ఈ చివరి రెండిటికీ తేడా తెలియకపోవడం వల్లే సగం ఇబ్బందులు. కనెక్షన్ అంటే అవతలివాడితో పరిచయం మాత్రమే: నీ దగ్గర ఫైలులో ఏ ముక్కలున్నాయి, నా దగ్గర ఏవున్నాయి అని చెప్పుకోవడం. దానికి ఖర్చయ్యే డేటా కొంచెమే. అప్‌లోడ్ స్లాట్ అంటే నిజంగా ముక్కలు పంపడం. కోహెన్ పద్ధతిలోనే వంతులు ఉన్నాయి. ఎంతమంది కనెక్ట్ అయి ఉన్నా సాఫ్ట్‌వేర్ ఒకేసారి కొద్దిమందికే పంపుతుంది. ఎవరికి పంపాలో 10 సెకన్లకోసారి మళ్లీ ఎంచుకుంటుంది. 30 సెకన్లకోసారి ఇంకా ఏమీ ఇవ్వని కొత్తవాడికి కూడా ఒక అవకాశం ఇచ్చి చూస్తుంది. క్యూబిట్‌టొరెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో టొరెంట్‌కు 4 స్లాట్లు, మొత్తం మీద 20 అని ముందే పెట్టి ఉంచడానికి కారణం ఇదే. ఆ అంకెలు చూసి "ఇంత తక్కువా" అని పెంచేవాళ్లు వంతుల పద్ధతిని చెడగొడుతున్నట్లు.

లెక్క వేద్దాం. మీ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అనుకోండి. అంటే సెకనుకు దాదాపు 1,250 కిలోబైట్లు. అందులో ముప్పాతిక వంతు టొరెంట్‌కు ఇస్తే సుమారు 940. దాన్ని 20 మందికి పంచితే ఒక్కొక్కరికి 47 కిలోబైట్లు. 200 మందికి పంచితే 4.7. ఇప్పుడు అసలు సంగతి. టొరెంట్‌లో ఫైలు ముక్కలుగా ఉంటుంది, పెద్ద ఫైలైతే ఒక్కో ముక్క 4 ఎంబీ ఉండొచ్చు. ముక్క మొత్తం చేరి, అది సరైనదేనని సరిచూసుకున్న తర్వాతే అవతలివాడు దాన్ని మరొకరికి ఇవ్వగలడు. సగం ముక్క ఎవరికీ పనికిరాదు. ఆ ముక్క మీ ఒక్కరి దగ్గర నుంచే వెళ్తుంటే, 20 మందికి పంచినప్పుడు నిమిషంన్నరలో పూర్తవుతుంది. 200 మందికి పంచినప్పుడు దాదాపు పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో ఎవడైనా కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోతే అతనికి పంపిందంతా వృథా. 20 మందికి నిమిషంన్నరలో ఇస్తే, ఆ 20 మందీ వెంటనే తలా కొందరికి ఇవ్వడం మొదలుపెడతారు. పావుగంట గడిచేసరికి మీరు నేరుగా ఇవ్వగలిగినదానికి ఎన్నో రెట్లు లోకంలో తిరుగుతూ ఉంటుంది.

అప్‌లోడ్‌కు ముప్పాతిక వంతే ఎందుకు ఇవ్వాలన్నదీ చెప్పాలి. మీకు ఏదైనా ఫైలు వస్తున్నప్పుడు "అందింది, అందింది" అని మీ కంప్యూటర్ చిన్న చిన్న రసీదులు వెనక్కి పంపుతూ ఉంటుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే ఆ రసీదులు క్యూలో చిక్కుకుంటాయి. రసీదు రాకపోతే అవతలివాడు పంపడం తగ్గిస్తాడు. అంటే అప్‌లోడ్ ఎక్కువైతే డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. ఇంట్లో వీడియో కాల్ తెగిపోయేదీ దీనివల్లే. అందుకే అప్‌లోడ్ వేగానికి 75 నుంచి 80 శాతం దగ్గర హద్దు పెట్టండి. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్కటే చేసే ఓపికుంటే ఇది చేయండి.

ఇప్పుడు గోడ మీద మినుకు మినుకుమనే ఆ చిన్న బాక్సు, అంటే రౌటర్ దగ్గరికి వద్దాం. ఇంట్లో ఫోన్లు, టీవీ, కంప్యూటర్ అన్నీ బయటి లోకానికి ఒకే చిరునామాగా కనిపిస్తాయి. ఎవరికి వచ్చిన డేటా ఎవరికి ఇవ్వాలో గుర్తుపెట్టుకోవడానికి రౌటర్ ఒక పట్టిక రాసుకుంటుంది. ప్రతి కనెక్షన్‌కు అందులో ఒక వరస. బాక్సులో మెమరీ కొంచెమే కాబట్టి పట్టికకు ఒక పరిమితి ఉంటుంది. అది నిండిందా, కొత్త వరసకు చోటుండదు. టొరెంట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాని కనెక్షన్లు ముందే ఎక్కి కూర్చున్నాయి. కొత్తగా వచ్చిన యూపీఐ పేమెంటుకు చోటు దొరకదు. అందుకే "టొరెంట్ బాగానే వస్తోంది, మిగతావే పనిచేయడం లేదు" అనే విచిత్రమైన ఫిర్యాదు వస్తుంది. బాక్సు ఆపి వేస్తే పట్టిక చెరిగిపోతుంది, కాసేపు హాయి.

ఆ పట్టికలో వరసలు ఎప్పుడు పోతాయో తెలిస్తే ఇంకా ఆశ్చర్యమేస్తుంది. చాలా రౌటర్ల లోపల నడిచేది లైనక్సే. మాట పూర్తిగా ముగించకుండా అవతలివాడు మాయమైతే, ఆ టీసీపీ కనెక్షన్ వరసను లైనక్స్ 4,32,000 సెకన్ల పాటు ఉంచుకుంటుంది. అంటే 5 రోజులు. కొన్ని రౌటర్లలో ఈ గడువు తగ్గించి పెడతారు, కొన్నింటిలో అలాగే వదిలేస్తారు. టొరెంట్‌లో అవతలివాళ్లు చెప్పకుండా మాయమవడం మామూలే: ఎవరి ల్యాప్‌టాప్ మూత పడిందో, ఎవరి ఊళ్లో కరెంటు పోయిందో. కాబట్టి మీ స్క్రీన్ మీద 150 కనెక్షన్లే కనిపిస్తున్నా, రౌటర్ పట్టికలో నిన్నటివీ మొన్నటివీ కలిపి వేలల్లో ఉండొచ్చు. దీనికి తోడు డీహెచ్‌టీ అనే ఏర్పాటు ఉంది. ఎవరెవరు పంచుతున్నారో చెప్పే ట్రాకర్ సర్వర్ లేకుండానే తోటివాళ్లను వెతికిపెట్టేది అది. అది పంపే ప్రతి చిన్న ప్రశ్నకూ పట్టికలో ఒక వరస పడుతుంది, అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాల దాకా ఉంటుంది. మీరు పెట్టిన కనెక్షన్ల హద్దు డీహెచ్‌టీకి వర్తించదు. ఈ సంగతి తెలియక "హద్దు 50కి తగ్గించినా నెట్ పోతోంది" అని విసిగిపోయేవాళ్లున్నారు. అలాంటి రౌటరైతే డీహెచ్‌టీ ఆపి చూడండి, మంచి ట్రాకర్ ఉన్న టొరెంట్లకు ఆ లోటు పెద్దగా తెలియదు.

ఇంకో అంకె కూడా చూడాలి: సెకనుకు ఎన్ని కొత్త కనెక్షన్లకు ప్రయత్నించాలన్నది. క్యూబిట్‌టొరెంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇది 30 అని ఉంటుంది. చిన్న రౌటరున్న ఇంట్లో 5 నుంచి 10 చాలు. ఫైలు మొదలవడం కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, అంతకు మించి పోయేదేమీ లేదు. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో, సగంలో ఉన్న కనెక్షన్లు ఒకేసారి 10కి మించకూడదని మైక్రోసాఫ్ట్ గట్టి హద్దు పెట్టింది. వైరస్‌లు వ్యాపించకుండా పెట్టిన ఆ హద్దును తీసేయడానికి జనం ప్రత్యేకంగా ప్యాచ్‌లు వేసుకునేవారు. ఆ రోజుల్లో పుట్టిన "హద్దు తీసేస్తే వేగం" అన్న నమ్మకం ఇంకా పోలేదు.

రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి మరొకటి చూడండి. బ్రౌజర్‌లో సాధారణంగా 192.168.1.1 అని కొడితే వస్తుంది, చిరునామా బాక్సు అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఒక చిరునామా ఉంటుంది. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, మీ కంపెనీ మిమ్మల్నీ మరెందరినో ఒకే బయటి చిరునామా వెనక పెట్టిందని అర్థం. అలాంటప్పుడు బయటివాళ్లు తమంతట తాముగా మీ దగ్గరికి రాలేరు. మీరు వెళ్లి తలుపు తట్టినవాళ్లతోనే మాట. బయటివాళ్లకు దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటూ గంటలు గంటలు కుస్తీ పట్టినా లాభం లేదు. పైగా ఆ ఉమ్మడి చిరునామాకు ఉన్న పోర్టులు 65,535. వాటిని అందరూ పంచుకోవాలి కాబట్టి ఒక్కో ఇంటికి ఇన్నేనని కంపెనీ కోటా పెట్టవచ్చు. ఇక్కడ 500 కనెక్షన్లు పెట్టడం అంటే మీ కోటాను మీరే తినేసి, మీ ఇంట్లోవాళ్లను ఆకలితో ఉంచడం. దీనికి దారి, ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వగల ఐపీవీ6. మన దేశంలో అది బాగా వ్యాపించింది. మీ కనెక్షన్‌కు ఉంటే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపకండి. రౌటర్ ఫైర్‌వాల్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్ వాడే ఒక్క పోర్టుకు అనుమతిస్తే బయటివాళ్లు నేరుగా రాగలుగుతారు.

ఎంత పెట్టాలి మరి? కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన మామూలు బాక్సు, ఇంట్లో నలుగురు మనుషులు, వాళ్ల ఫోన్లు, ఒక టీవీ ఉన్నచోట మొత్తం కనెక్షన్లు 150, టొరెంట్‌కు 40తో మొదలుపెట్టండి. ట్రాన్స్‌మిషన్ అనే మరో మంచి సాఫ్ట్‌వేర్‌లో మొదటినుంచీ ఉండే హద్దులు ఇంచుమించు ఇలాగే ఉంటాయి: మొత్తం 200, టొరెంట్‌కు 50. అదేమీ తక్కువ పనిచేయదు. రెండు రోజులు నడవనివ్వండి. రాత్రి 8 నుంచి 10 మధ్య, ఇంట్లో అందరూ నెట్ వాడే వేళ, కమాండ్ విండోలో 8.8.8.8కు పింగ్ చేసి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడండి. టొరెంట్ ఆపినప్పుడు 20 మిల్లీసెకన్లు వచ్చేది, నడుస్తున్నప్పుడు 40, 50 అయితే ఫరవాలేదు. 300, 400 అవుతుంటే అప్‌లోడ్ హద్దు ఇంకా తగ్గించాలి. పింగ్ బాగానే ఉన్నా కొత్త వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదంటే పట్టిక నిండుతోంది, కనెక్షన్లు తగ్గించాలి. ఈ రెండు జబ్బులకు లక్షణాలు వేరు, మందు వేరు. రెండూ ఒకేసారి మార్చకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ఇక మెమరీ. దీని గురించిన భయాల్లో చాలా భాగం అక్కర్లేనివే. టాస్క్ మేనేజర్‌లో క్యూబిట్‌టొరెంట్ 2 జీబీ తింటున్నట్లు కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ లోపల నడిచే లిబ్‌టొరెంట్ లైబ్రరీ 2.0 నుంచి డిస్కు మీది ఫైళ్లను నేరుగా మెమరీలోకి మ్యాప్ చేసుకునే పద్ధతికి మారింది. ఇటీవల చదివిన భాగాలను ఆపరేటింగ్ సిస్టమ్ ఖాళీ మెమరీలో అట్టిపెట్టుకుంటుంది. వేరే ప్రోగ్రామ్‌కు అవసరమైతే ఇచ్చేస్తుంది. లైనక్స్‌లో ఫ్రీ అనే కమాండ్ ఇస్తే వచ్చే పట్టికలో ఫ్రీ అన్న నిలువు వరస చూసి బెంగపడొద్దు, చివర్లో అవైలబుల్ అని ఉన్నది చూడండి. అది చాలినంత ఉంటే చింత లేదు. విండోస్‌లో మాత్రం ఈ పద్ధతి కొన్నిసార్లు మిగతా ప్రోగ్రామ్‌లను ఇబ్బంది పెడుతుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫిజికల్ మెమరీ వాడకానికి 512 ఎంబీ అని ఒక హద్దు ఉంటుంది, 4 జీబీ కంప్యూటర్‌లో దాన్ని 256 చేయవచ్చు. అప్పటికీ మూలుగుతుంటే లిబ్‌టొరెంట్ 1.2తో కట్టిన క్యూబిట్‌టొరెంట్ కూడా దొరుకుతుంది, అది పెట్టుకోండి.

నిజమైన మెమరీ ఖర్చు ఎక్కడుందంటే, ప్రతి కనెక్షన్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్ కేటాయించే బఫర్లలో. లైనక్స్ ఒక టీసీపీ కనెక్షన్‌కు డేటా తీసుకునే వైపూ పంపే వైపూ కొన్ని ఎంబీల దాకా బఫర్ పెంచుకోగలదు. అన్నీ ఒకేసారి అంత పెరగవు, వేగంగా నడిచేవే పెరుగుతాయి. అయినా 2,000 కనెక్షన్లు తెరిచి కూర్చుంటే పాత కంప్యూటర్‌కు ఊపిరాడదు. ఇంకో చిక్కు, లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచగల ఫైళ్ల సంఖ్యకు మామూలుగా 1,024 హద్దు. ప్రతి కనెక్షన్‌నూ అది ఒక ఫైలుగానే లెక్కిస్తుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ టొరెంట్లలో ఒక్కో పుస్తకానికి పీడీఎఫ్, స్కాన్ బొమ్మలు, టెక్స్ట్ అంటూ ఎన్నో ఫైళ్లుంటాయి. వందల పుస్తకాలు పంచుతూ కనెక్షన్లు కూడా వందల్లో పెడితే "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని ఆగిపోతుంది. డిస్కు చెడిపోయిందని కంగారు పడకండి. కనెక్షన్లు తగ్గించండి, లేదా ఆ 1,024ను పెంచండి.

మెమరీ నిజంగా కారిపోతోందని అనుమానమొస్తే పరీక్ష సులువు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అంకె రాసి పెట్టండి. అవే టొరెంట్లు, అంతే రద్దీ ఉండి కూడా రోజురోజుకూ పెరుగుతూనే పోతుంటే అది లోపమే. కొత్త వెర్షన్ వేసుకోండి. పెరిగి ఒకచోట ఆగితే అది క్యాష్, వదిలేయండి.

కనెక్షన్ల అంకె కన్నా మెమరీని ఎక్కువ ఆదా చేసేది క్యూ. ఒకేసారి ఎన్ని టొరెంట్లు చురుగ్గా ఉండాలన్నది అది తేలుస్తుంది. క్యూబిట్‌టొరెంట్‌లో 3 డౌన్‌లోడ్లు, 3 అప్‌లోడ్లు, మొత్తం 5 అని ముందే ఉంటుంది. 300 పుస్తకాలున్నా వాటిలో కొన్నే ఒకసారికి పనిచేస్తాయి, మిగతావి వంతు కోసం ఆగుతాయి. ఎవరూ అడగని పుస్తకాల కోసం మెమరీ ఖర్చుపెట్టే పని ఉండదు. కదలిక లేనివాటిని లెక్కలోకి తీసుకోవద్దనే టిక్కు కూడా అక్కడే ఉంటుంది. అది పెడితే అడిగేవాళ్లున్న టొరెంట్లకు వంతు ముందుగా వస్తుంది.

టొరెంట్ ఒక్కటే కాదు, తోటి కంప్యూటర్లతో నేరుగా మాట్లాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఈ చిక్కు ఉంది. బిట్‌కాయిన్‌ను నడిపే బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ మొత్తం కనెక్షన్లు 125 దగ్గర ఆపుతుంది, అందులో తానుగా వెళ్లి కలిసేది పదకొండుగురినే. మిగతా చోటు బయటినుంచి వచ్చేవాళ్లకు. డేటాబేస్ క్యాష్‌కు కొంత మెమరీ, ఇంకా ఖాయం కాని లావాదేవీలకు 300 ఎంబీ విడిగా లెక్క కట్టి ఉంచుతుంది. తోటి కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచే ఐపీఎఫ్ఎస్ అనే ఏర్పాటును నడిపే కుబో సాఫ్ట్‌వేర్‌లో ఒకప్పుడు పై గీత 900, కింది గీత 600 అని ఉండేది. పై గీత దాటగానే కింది గీత వచ్చేదాకా కనెక్షన్లు తెంచుకుంటూ పోయేది. ఇళ్లలో రౌటర్లు కుప్పకూలుతున్నాయని గోల పెరిగాక, ఆ రెండు గీతలనూ 96కూ 32కూ దించారు. తయారుచేసినవాళ్లే అంత తగ్గించారంటే, 900 వల్ల వచ్చే లాభం ఎంతో ఆలోచించండి.

హాస్టళ్లలో, కాలేజీ ల్యాబుల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. కానూరు నుంచి గుడ్లవల్లేరు దాకా ఇంజనీరింగ్ కాలేజీలున్న ప్రాంతం మనది. 40 మంది ఒకే లైనక్స్ ఫైలును విడివిడిగా బయటినుంచి దింపుకుంటే లైను చచ్చిపోతుంది. సెట్టింగ్స్‌లో లోకల్ పీర్ డిస్కవరీ అని ఒక టిక్కు ఉంది. అది పెట్టి, నెట్‌వర్క్ వాళ్లు అడ్డుపెట్టకుండా ఉంటే, ఒకే వైఫైలో ఉన్న కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి లోపల్లోపలే ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. బయటినుంచి రావలసింది ఇంచుమించు ఒక్క కాపీయే. తెలుగు వికీపీడియా ఫైలును ల్యాబులో అన్ని కంప్యూటర్లలో పెట్టాలన్నా ఇదే దారి. ల్యాబు చూసుకునే సార్‌ని అడిగి, అనుమతి తీసుకుని చేయండి.

కరెంటు సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్, రౌటర్ రెండూ ఒకేసారి లేస్తాయి. టొరెంట్లన్నీ ఒక్కసారిగా ట్రాకర్ల మీద, తోటివాళ్ల మీద పడతాయి. పాపం ఆ బాక్సు ఇంకా లైను అందుకుంటూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌తో పాటు వెంటనే మొదలవకుండా, రెండు మూడు నిమిషాలు ఆగి మొదలయ్యేలా పెట్టండి. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ముక్కలు దెబ్బతిని ఉండొచ్చు, అనుమానమున్న టొరెంట్ మీద ఫోర్స్ రీచెక్ నొక్కండి. ఇన్వర్టర్ ఉంటే కంప్యూటర్‌కు లేకపోయినా రౌటర్‌కు లైను ఇవ్వండి, అది లాగే కరెంటు చాలా తక్కువ.

పగటికి ఒక హద్దు, రాత్రికి ఒక హద్దు పెట్టుకునే వీలూ ఉంది. క్యూబిట్‌టొరెంట్‌లో ప్రత్యామ్నాయ వేగ పరిమితులకు టైమ్‌టేబుల్ ఉంటుంది. ట్రాన్స్‌మిషన్‌లో తాబేలు బొమ్మ నొక్కితే వేగం తగ్గుతుంది. పొద్దున 6 నుంచి రాత్రి 11 దాకా అప్‌లోడ్‌లో సగం, ఆ తర్వాత 80 శాతం అని పెట్టుకుంటే ఇంట్లో ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. ఇంట్లోవాళ్లకు ఇబ్బంది లేకపోతేనే ఈ పని ఏళ్ల తరబడి నడుస్తుంది. మూడు రోజులు విపరీతంగా పంచి, నాలుగో రోజు గొడవై అన్నీ తీసేసినవాళ్ల వల్ల ఏ పుస్తకమూ బతకలేదు.

ఎందుకంటే పాత తెలుగు పుస్తకాలకు కావలసింది వేగం కాదు, ఎవరో ఒకరు ఉండడం. ఉబుంటు టొరెంట్‌కు వేలమంది సీడర్లు, అంటే ఫైలు మొత్తం దగ్గరుంచుకుని పంచేవాళ్లు, ఉంటారు, అందులో మీరు ఉన్నా లేకున్నా తేడా రాదు. ఎనభై ఏళ్ల కిందటి ఒక తెలుగు పుస్తకానికి ఆర్కైవ్ సర్వర్ తప్ప మరో సీడర్ లేకపోవచ్చు. అక్కడ కనెక్షన్ల హద్దు 40 అయినా 400 అయినా ఒకటే, ఎందుకంటే వచ్చేవాళ్లే నెలకు ఒకరిద్దరు. అందుకని మీ జాబితాలో సీడర్ల సంఖ్య ప్రకారం వరస పెట్టుకుని, తక్కువున్నవాటిని క్యూలో పైకి తెచ్చి, ఎక్కువున్న లైనక్స్‌లను నిస్సంకోచంగా ఆపేయండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాల్లోనో, గ్రంథాలయంలోనో ఇద్దరు ముగ్గురు స్నేహితులుంటే పుస్తకాలు పంచుకోండి: ఈ వంద నీవి, ఈ వంద నావి అని. ఒక్కో ఇంటి మీద భారం తగ్గుతుంది.

మీరే స్కాన్ చేసిన, కాపీహక్కు గడువు తీరిన పుస్తకాన్ని కొత్తగా టొరెంట్ చేస్తున్నట్లయితే, మొదటి కాపీ మీ దగ్గర ఒక్కచోటే ఉంటుంది. అప్పుడు ఆ టొరెంట్ మీద కుడి క్లిక్ చేసి సూపర్ సీడింగ్ పెట్టండి. ఒక ముక్క ఒకరికి ఇచ్చాక, వాళ్లు దాన్ని మరొకరికి అందించేదాకా అది వాళ్లకు కొత్త ముక్క ఇవ్వదు, కాబట్టి మీ అప్‌లోడ్ అతి తక్కువగా ఖర్చవుతుంది. స్లాట్లు 4 దాటనివ్వకండి. ఆ ఒక్క టొరెంట్ తప్ప మిగతావన్నీ ఆ రాత్రికి ఆపండి. పొద్దున్నే లేచి చూసేసరికి పీర్స్ పట్టికలో ఎవరో ఒకరి ఎదురుగా 100 శాతం అని కనిపిస్తే, సూపర్ సీడింగ్ తీసేసి మామూలు సీడింగ్‌కు మార్చి, మిగతా టొరెంట్లు మళ్లీ మొదలుపెట్టవచ్చు.